పాత వ్యాగన్ ఆర్ ఆయిల్ తాగుతోంది: ఏ గ్రేడ్ పోయాలి, ఎలా తగ్గించాలి?

కృష్ణలంక_కారు:
అందరికీ నమస్కారం. నాది 2008 మోడల్ వ్యాగన్ ఆర్, 1061 సీసీ పెట్రోల్. లక్షా నలభై వేల కిలోమీటర్లు దాటింది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పదిహేనేళ్ళు నిండాక ఆర్సీ రెన్యువల్ కూడా చేయించాను. బాడీకి తుప్పు లేదు, ఏసీ చల్లగా ఉంటుంది, అమ్మే ఉద్దేశం లేదు. వచ్చిన చిక్కల్లా ఆయిల్‌తోనే. మార్చిన రెండు నెలలకే డిప్‌స్టిక్ మీద కింది గీత దగ్గరికి వచ్చేస్తోంది. ఇప్పుడు 5డబ్ల్యూ-30 వాడుతున్నాను. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ "20డబ్ల్యూ-50 పోయండి సార్, అదే ఆగిపోతుంది" అన్నాడు. ఇంకో ఆయన ఇంజన్ దించాల్సిందే, ముప్ఫై అయిదు వేలవుతుందన్నాడు. టెన్షన్‌గా ఉంది. పొగ పెద్దగా కనపడదు. పార్కింగ్‌లో కింద మరక ఉంది గానీ చిన్నదే. ఏ ఆయిల్ పోయమంటారు? బ్రాండ్ పేరుతో సహా చెప్పండి.

సీమ_స్టీరింగ్:
ఇంత ఆలోచన ఎందుకు సార్? 20డబ్ల్యూ-50 పోసేయండి. మా అనంతపురం ఎండల్లో పాత బండ్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. 5డబ్ల్యూ-30 నీళ్ళలా ఉంటుంది, అరిగిన ఇంజన్లో నిలబడదు. మీ బెజవాడలో మే నెల ఎండకి అది ఇంకా పల్చబడుతుంది.

లేత్_మాస్టర్:
రాజమండ్రిలో చాలాకాలం ఇంజన్ బోరింగ్ పని చేయించినవాణ్ణి. కృష్ణలంక గారూ, ఏ ఆయిల్ అని తర్వాత అడుగుదురు గాని. ముందు ఎంత పోతోందో, ఎటు పోతోందో తేల్చండి. "రెండు నెలలకి కింది గీత" అంటే నాకేమీ అర్థం కాదు. ఆ రెండు నెలల్లో ఎన్ని కిలోమీటర్లు తిరిగారు? ఊళ్ళోనా, హైవే మీదా? మార్చినప్పుడు పై గీత దాకా ఉందని మీరు కళ్ళారా చూశారా, మెకానిక్ చెప్పాడా?

కొలిచే పద్ధతి ఇది. పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు, చదునైన చోట, ప్రతిసారీ అదే చోట చూడండి. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి తీయండి. పై గీత దాకా నింపి ఓడోమీటర్ రాసుకోండి. వెయ్యి కిలోమీటర్లయ్యాక మళ్ళీ పై గీత దాకా రావడానికి ఎంత పట్టిందో కొలగ్లాసుతో చూడండి. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా లీటరుకి అటూఇటూగా ఉంటుంది. మీ ఇంజన్లో మొత్తం పట్టేదే మూడు లీటర్ల చిల్లర. కింది గీతకి వచ్చిందంటే దాదాపు మూడో వంతు పోయినట్టు.

ఇంకోటి. పై గీత దాటించి పోయనివ్వకండి. "ఎలాగూ తాగుతుంది కదా, పావు లీటరు ఎక్కువ పోద్దాం" అనే అలవాటు మన షెడ్లలో ఉంది. ఎక్కువైతే ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురుగు చేస్తుంది. ఆ నురుగు బ్రీదర్ గొట్టంలోంచి ఇంటేక్‌లోకి వెళ్ళి కాలిపోతుంది. అది చూసి ఇంజన్ ఆయిల్ తాగుతోందని మళ్ళీ పోస్తారు.

డల్లాస్_డ్రైవర్:
మాస్టర్ గారు చెప్పిన వరుసే కరెక్ట్. గ్రేడ్ గురించి మాత్రం నాలుగు ముక్కలు, ఎందుకంటే పైన "నీళ్ళలా ఉంటుంది" అన్న మాట కొంచెం సరిచేయాలి.

5డబ్ల్యూ-30లో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది, రెండోది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 30 అంటే ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు. 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. ఇంజన్ వేడెక్కాక 5డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 రెండూ ఒకే కోవలోకి వస్తాయి. చాలామంది 5 చూసి పల్చనిదని భయపడి 15 కొంటారు. వేడి మీద తేడా తెచ్చేది రెండో అంకె.

బయట ఎండ 45 డిగ్రీలున్నా థర్మోస్టాట్, రేడియేటర్ సరిగ్గా పనిచేస్తే కూలెంట్ తొంభై చిల్లర దగ్గరే నిలబడుతుంది, ఆయిల్ కూడా దాదాపు ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. అనంతపురం ఎండ ఇంజన్లోకి నేరుగా దిగిపోదు. ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని గంటసేపు నిలబడితే మాత్రం తేడా ఉంటుంది, అది ఒప్పుకుంటాను.

సీమ_స్టీరింగ్:
డల్లాస్ అన్నా, పుస్తకం లెక్క బాగుంది. మా ఊరి మెకానిక్కులు ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నది అబద్ధమా మరి? చిక్కటిది పోస్తే తాగుడు తగ్గుతుంది. ఇది నేను కళ్ళతో చూసిందే.

డల్లాస్_డ్రైవర్:
అబద్ధమని అనలేదు అన్నా. తగ్గుతుంది. చిక్కటి ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్క నుంచీ, వాల్వ్ కాడలు కదిలే గైడ్ల సందుల్లోంచీ నెమ్మదిగా జారుతుంది. కానీ దానికి ధర కట్టాల్సింది పొద్దున స్టార్ట్ చేసినప్పుడు. 20డబ్ల్యూ-50 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 5డబ్ల్యూ-30 కంటే రెండు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. ఇంజన్ పైభాగం, అంటే హెడ్ పైకి చేరడానికి ఆ మేరకు ఆలస్యం. మైలేజీ కూడా కొంచెం పడుతుంది. అందుకే 30 నుంచి ఒక్కసారిగా 50కి దూకకుండా 40 దగ్గర ఆగమంటాను.

పాత ఇంజన్‌కి చూడాల్సిన ఇంకో గుణం ఉంది, డబ్బా మీద ఎవరూ రాయరు. ఆయిల్ ఎంత ఆవిరవుతుంది అని. 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత బరువు పోయిందో కొలుస్తారు, నోయాక్ పరీక్ష అంటారు. ఏపీఐ (అమెరికా వాళ్ళ ఆయిల్ నాణ్యత ముద్ర) ఎస్ఎన్ స్థాయి 5డబ్ల్యూ-30 ఆయిళ్ళకు 15 శాతం దాకా అనుమతి ఉంది. యూరప్ వాళ్ళ ఏసీఈఏ ఏ3/బీ4 ముద్ర ఉంటే 13 శాతం మించకూడదు. అలాంటి 5డబ్ల్యూ-40 సింథటిక్, అదే చిక్కదనం ఉన్న చవక మినరల్ ఆయిల్ కంటే తక్కువ ఆవిరైపోతుంది. కంపెనీ వెబ్‌సైట్లో ఆ ఆయిల్ డేటా షీట్ పీడీఎఫ్ దొరికితే నోయాక్ అంకె చూడండి.

గోల్కొండ_గేర్:
బ్రాండ్ అడిగారు కాబట్టి చెప్తున్నా. క్యాస్ట్రాల్, షెల్, మొబిల్, సర్వో, మాక్, వాల్వొలిన్ ఏదైనా పర్లేదు. ఏపీఐ ఎస్ఎన్ గానీ ఎస్పీ గానీ ఉండాలి. ఎస్పీ 2020లో వచ్చింది, పాత ఇంజన్లకు నిక్షేపంగా పోయొచ్చు. సర్వో చవకని చిన్నచూపు చూడకండి. బ్రాండ్ కంటే అది అసలుదా నకిలీదా అన్నదే పెద్ద సంగతి. రాణిగంజ్‌లో తెలిసిన డీలర్ దగ్గరే కొంటా. సీల్ చూస్తా, బ్యాచ్ నంబర్ చూస్తా. ఖాళీ డబ్బా షెడ్డులో వదిలిపెట్టను, మూతీ డబ్బా రెండూ నలిపేసి వస్తా. ఆ డబ్బాల్లోనే కదా మళ్ళీ నింపి అమ్మేది. డ్రమ్ములోంచి మగ్గుతో పోసేది అసలొద్దు.

బైక్ ఆయిల్ మిగిలింది కదా అని కార్లో పోసేవాళ్ళూ ఉన్నారు. జాసో ఎంఏ అని ఉన్నది తడి క్లచ్ బైకుల కోసం చేసింది. కార్ ఆయిల్ కార్‌కే.

కృష్ణలంక_కారు:
అందరికీ థాంక్స్. మాస్టర్ గారు చెప్పినట్టే కొలిచాను. వెయ్యి కిలోమీటర్లకి సుమారు 800 మిల్లీలీటర్లు పట్టింది. విచిత్రం ఏంటంటే ఊళ్ళో తిరిగినన్నాళ్ళు పెద్దగా తగ్గలేదు. శ్రీశైలం వెళ్ళి వచ్చేసరికి ఒక్కసారిగా పడిపోయింది. ఘాట్ దిగి కింద మళ్ళీ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వెనక కారు వాళ్ళకి నీలం పొగ కనిపించిందట, అందులో మా బావమరిది ఉన్నాడు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేస్తే కూడా ఒక్కసారి నీలంగా బుస్సుమని వచ్చి ఆగిపోతోంది. నేను సీట్లో ఉంటాను కాబట్టి ఇన్నాళ్ళూ చూడలేదు.

లేత్_మాస్టర్:
ఇప్పుడు దారికొచ్చాం. మీ బావమరిది సగం పని చేసిపెట్టాడు.

పొగ ఎప్పుడొస్తుందన్నదే ముఖ్యం. పొద్దున స్టార్టింగ్‌లో ఒక్క బుస్సు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. రాత్రి హెడ్ మీద నిలిచిన ఆయిల్ గట్టిపడిన సీల్ దాటి, వాల్వ్ కాడ వెంట బొట్లు బొట్లుగా దిగి ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు కాలు తీసేసి గేర్లోనే వస్తారు కదా, అప్పుడు ఇంటేక్‌లో వ్యాక్యూమ్ బాగా పెరుగుతుంది. ఆ వ్యాక్యూమ్ ఆయిల్‌ని గైడ్ల సందుల్లోంచి లోపలికి లాగుతుంది. కింద యాక్సిలరేటర్ నొక్కగానే అదంతా కాలి బయటికొస్తుంది. ఇదీ సీల్స్, గైడ్ల వైపే చూపిస్తోంది. అలా కాకుండా లోడు మీద ఎత్తు ఎక్కుతున్నంతసేపూ నీలం పొగ వదలకుండా వస్తే రింగులు. నల్ల పొగ పెట్రోల్ ఎక్కువైతే వస్తుంది, ఆయిల్‌తో సంబంధం లేదు. ఆగకుండా తెల్ల పొగ వస్తూ కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి.

ఊళ్ళో తగ్గకపోవడానికి కారణం ఉంది. చిన్న చిన్న దూరాలకి ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. కాలని పెట్రోల్, తేమ కొంత సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దిగి ఆయిల్‌లో కలుస్తాయి. ఆయిల్ తగ్గుతున్నా డిప్‌స్టిక్ మీద మట్టం అలాగే కనిపిస్తుంది. హైవే ఎక్కి బాగా వేడెక్కగానే అవి ఆవిరైపోతాయి, అసలు మట్టం బయటపడుతుంది.

ఇంజన్ దించే ముందు మూడు పనులు చేయించండి. ఒకటి, ఇంజన్ పైన ఉండే టాపెట్ కవర్ మీది పీసీవీ వాల్వ్ (లోపలి ఆవిరిని ఇంటేక్‌లోకి పంపేది) తీసి చెవి దగ్గర ఊపండి. లోపల టకటకమనాలి. అనకపోతే జిగురు పట్టినట్టు. అది మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ పెరిగి ఆయిల్‌ని ప్యాకింగుల్లోంచి బయటికి తోస్తుంది. తెరుచుకునే ఉండిపోతే ఆయిల్ ఆవిరిని ఇంటేక్ లాగేసుకుంటుంది. కొత్తది చవకే. రెండు, టాపెట్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, క్రాంక్ సీల్ దగ్గర తడి ఉందేమో చూడండి. మీ కింద మరక చిన్నదే అయినా, బండి నడుస్తున్నప్పుడు కారేది రోడ్డు మీద పడుతుంది, పార్కింగ్‌లో కనపడదు. మూడు, కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లో ఒత్తిడి కొలవడం. ముందు పొడిగా, తర్వాత ప్రతి సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి. ఆయిల్ వేశాక అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయని. పెరగకపోతే రింగులు చాలావరకు బాగున్నట్టే. చాలావరకు అని ఎందుకంటున్నానంటే, కింద ఉండే ఆయిల్ రింగు కార్బన్‌తో బిగుసుకుపోయినా కంప్రెషన్ మామూలుగానే చూపిస్తుంది.

మానేరు_మైలేజ్:
మాస్టర్ సార్, మా కరీంనగర్‌లో ఆయిల్ మార్చే ముందు అర లీటరు కిరోసిన్ పోసి పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచుతారు. రింగులు వదులవుతాయట. చెయ్యొచ్చా?

లేత్_మాస్టర్:
వద్దు నాయనా. కిరోసిన్ పోస్తే బేరింగుల మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర పల్చబడిపోతుంది. పదిహేనేళ్ళ మడ్డి ఒక్కసారిగా ఊడి సంప్‌లో ఉన్న జల్లెడకి అడ్డం పడితే ఆయిల్ పైకి రాదు. అప్పుడు తాగుడు సంగతి పక్కనబెట్టి నిజంగానే ఇంజన్ దించాలి. మడ్డి ఉందని అనుమానం ఉంటే మంచి డిటర్జెంట్ ఉన్న ఆయిల్ పోసి, రెండు మూడుసార్లు అయిదు వేలకే ఫిల్టర్‌తో సహా మార్చండి. నిదానంగా కరుగుతుంది.

డల్లాస్_డ్రైవర్:
బిగుసుకుపోయిన ఆయిల్ రింగు అంటే గుర్తొచ్చింది. ఇక్కడ అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు చవకగా కొనే కార్లలో 2007–09 కామ్రీ నాలుగు సిలిండర్లది ఒకటి. ఆ 2.4 లీటర్ ఇంజన్ ఆయిల్ తాగడం గురించి టయోటా అమెరికాలో ప్రత్యేక వారంటీ కార్యక్రమమే పెట్టింది. 1200 మైళ్ళకి ఒక క్వార్ట్, అంటే లీటరుకి కొంచెం తక్కువ, దాటితే పిస్టన్లు, రింగులు మార్చి ఇచ్చేవారు. అది వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు లెక్క, మన మిత్రుడి కారు ఆ గీత బాగా దాటేసింది. ఇక్కడ ఎక్కువ మైళ్ళు తిరిగిన కార్లకని హై మైలేజ్ ఆయిళ్ళు అమ్ముతారు. రబ్బరు సీల్స్‌ని కొంచెం మెత్తబరిచే పదార్థం కలుపుతారు. గట్టిపడిన సీల్‌కి కొంత సాయం, పగిలిపోయిన సీల్‌ని ఏ ఆయిలూ అతికించదు.

గోల్కొండ_గేర్:
అందరూ రిపేరు గురించే చెప్తున్నారు, నేను లెక్క చెప్తా. కృష్ణలంక అన్నా, నెలకి ఎంత తిరుగుతారు? ఏడు వందల కిలోమీటర్లు అనుకుందాం. వెయ్యికి 800 మిల్లీలీటర్లంటే నెలకి అర లీటరు పైన. లీటరు నాలుగు వందల యాభై వేసుకున్నా నెలకి రెండు వందల యాభై రూపాయలు, ఏడాదికి మూడు వేలు. ఇంజన్ పనికి ముప్ఫై అయిదు వేలు పెడితే అవి తిరిగి రావడానికి పదేళ్ళు దాటుతుంది. అప్పటికి ఆ బండి ఉంటుందా? డిక్కీలో లీటరు డబ్బా పెట్టుకుని, పదిహేను రోజులకోసారి డిప్‌స్టిక్ చూసుకుంటే సరి.

లేత్_మాస్టర్:
లెక్క బాగానే ఉంది. రెండు షరతులు. మొదటిది, ఎర్ర ఆయిల్ లైటు వెలిగినప్పుడు చూద్దాంలే అనుకోకూడదు. ఆ లైటు చెప్పేది ప్రెషర్ గురించి, మట్టం గురించి కాదు. అది వెలిగిందంటే పంపు గాలి పీలుస్తున్నట్టు, బేరింగులు అప్పటికే దెబ్బతింటూ ఉంటాయి. వెంటనే పక్కకి తీసి ఆపేయాలి. రెండోది, కాలిన ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మెల్లగా పాడు చేస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి. రేపు పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది. పోస్తూ నడపడం తప్పేమీ కాదు, కానీ చిన్న ఖర్చుతో ఆగేది ఉంటే ముందు అది చేయించాలి.

సీమ_స్టీరింగ్:
ఇంత చర్చ అయ్యాక కూడా నా మాట 20డబ్ల్యూ-50నే. లంబసింగిలోనో అరకులోనో ఉంటే వేరు, బెజవాడలో చలి ఎక్కడుంది?

డల్లాస్_డ్రైవర్:
అన్నా, ఒక్క మాటలో ఒప్పుకుంటా. ఆ కాలం కార్ల మాన్యువళ్ళలో చాలావాటిలో ఉష్ణోగ్రతల పట్టీ ఉంటుంది, దాంట్లో వేడి ప్రాంతాలకి చిక్కటి గ్రేడ్లు కూడా ఇచ్చేవాళ్ళు. కృష్ణలంక గారి పుస్తకంలో 20డబ్ల్యూ-50 ఉంటే పోసినా ఇంజన్ పాడైపోదు. అదే 0డబ్ల్యూ-20 రాసిన కొత్త కార్లో పోస్తే మాత్రం నేను ఊరుకోను.

కృష్ణలంక_కారు:
అప్‌డేట్. కొంచెం ఆలస్యమైంది, పెళ్ళిళ్ళ హడావిడి.

పీసీవీ వాల్వ్ ఊపితే చప్పుడే లేదు, జిగురు పట్టి బిగుసుకుపోయింది. మార్చేశాను. టాపెట్ కవర్ ప్యాకింగ్ వెనక వైపు తడిగా ఉంది, అదీ మార్పించాను. వీటితో వెయ్యికి 800 ఉన్నది దాదాపు 600కి వచ్చింది. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో దగ్గరదగ్గరగానే ఉంది, ఆయిల్ వేశాక పెద్దగా పెరగలేదు. ఇంజన్ దించాలన్న మెకానిక్‌కి ఇదంతా చూపిస్తే "మీ ఇష్టం" అన్నాడు.

తర్వాత ఇంకో షెడ్డులో వాల్వ్ సీల్స్ మార్పించాను. హెడ్ దించలేదు. ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పెట్టి, వాల్వ్ కింద పడకుండా నిలిపి, ఒక్కో సిలిండర్ చేశాడు. పదహారు వాల్వులు కాబట్టి పదహారు సీల్స్, రోజంతా పట్టింది. తీసిన పాత సీల్స్ గోటితో నొక్కితే ప్లాస్టిక్‌లా ఉన్నాయి. ఇంజన్ పనికి చెప్పిన దాంట్లో ఆరో వంతు కూడా కాలేదు.

ఇప్పుడు ఏపీఐ ఎస్ఎన్ 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్ పోస్తున్నాను. పొద్దున పొగ లేదు. వెయ్యికి 250 దాకా ఇంకా తగ్గుతోంది.

మానేరు_మైలేజ్:
ఆ మిగిలిన 250 కూడా ఆపలేరా సార్?

లేత్_మాస్టర్:
ఇంత తిరిగిన ఇంజన్‌కి అది సమస్యే కాదు. ఆయిల్ రింగుల్లో కొంత కార్బన్ ఉండొచ్చు, గైడ్లు కొంచెం అరిగి ఉండొచ్చు. వాటి కోసం ఇంజన్ విప్పించను. అయిదు వేలకోసారి ఆయిల్ మారుస్తూ ఏడాది చూడమంటాను. కొన్నిసార్లు రింగులు వదులై ఇంకొంచెం తగ్గుతుంది, కొన్నిసార్లు ఏమీ మారదు.

గోల్కొండ_గేర్:
మాస్టర్ సార్, మా తమ్ముడి పాత శాంత్రోకి కూడా ఇదే పని చేయించాలి. సీల్స్ కొనేటప్పుడు ఏం చూడాలి?

లేత్_మాస్టర్:
వైటన్ రబ్బరువి అడగండి, మామూలు నైట్రైల్ కంటే వేడికి ఎక్కువ కాలం ఆగుతాయి. ఇంటేక్, ఎగ్జాస్ట్ సీల్స్ కొన్ని ఇంజన్లలో వేరువేరుగా ఉంటాయి. శాంత్రోకి ఇంజన్ నంబర్ చెప్పి తీసుకోండి. బిగించేటప్పుడు వాల్వ్ కాడకి ఆయిల్ రాసి, చివర గాడి దగ్గర సీల్ పెదవి తెగకుండా ప్లాస్టిక్ తొడుగు వేసి ఎక్కించమనండి. సుత్తితో కొట్టి దింపితే ఆ రోజే సీల్ పోతుంది. దగ్గరుండి చేయించమని తమ్ముడికి చెప్పండి.